రెండు స్ట్రోకుల ఇంజను పట్టివేయుట: కారణములు, నివారణ

మిరపచేనిలో మందు కొట్టుచుండగా వీపుమీది పవర్ స్ప్రేయరు కీచుమని అరచి ఒక్కసారిగా ఆగిపోవుటయు, పిమ్మట ఎంత లాగినను దాని త్రాడు కదలకుండుటయు మన రైతులలో పెక్కుమందికి అనుభవమే. మెకానిక్కులు దీనిని ‘సీజయింది’ అందురు. పల్లెలలో ‘ఇంజను పట్టేసింది’ అందురు. పేరేదైనను నష్టమొక్కటే. వీపున మందునీటి బరువు, గట్టున కూర్చున్న కూలీలు, చేనిలో సగము మిగిలిన సాళ్లు. 2021లో నల్ల తామరపురుగు విజృంభించిన గుంటూరు, ఖమ్మం ప్రాంతముల రైతులకు అదనున మందు పడుట ఎంత అవసరమో మేము చెప్పనక్కరలేదు. పట్టణమునకు పోయి క్రొత్త పిస్టను, సిలిండరు వేయించుకొని వచ్చునప్పటికి రెండు మూడు దినములు గడచును. సిలిండరుకూడ చెడినచో ఖర్చు యంత్రపు వెలలో చెప్పుకోదగిన భాగమగును.

ఎందుకు పట్టివేసినదని అడిగినచో సాధారణముగ వచ్చు సమాధానము ‘ఎండకు వేడెక్కిందండీ’ అని. ఎండ వేడిమి కొంత కారణము కావచ్చును గాని అసలు కారణము అది కాదు. ఎండయే కారణమైనచో మంచులో ఇంజను పట్టివేయరాదు గదా! కాని మంచులోను ఈ ఇంజను పట్టివేయుచున్నది. ఆ సంగతి తెలిసికొన్నచో మన చేనిలోని యంత్రము సంగతియు స్పష్టపడును. కావున పాఠకులను ఒక్కసారి మంచుదేశమునకు కొనిపోవుచున్నాము.

అమెరికా, కెనడా దేశముల పశ్చిమభాగమున రాకీ పర్వతములు కలవు. శీతకాలమున అచట మనిషి మునుగునంత మంచు పడును. ఆ మంచుపై తిరుగుటకై కొందరు మట్టిదారులలో పరుగెత్తు డర్ట్ బైకును తీసికొని, ముందు చక్రమునకు బదులుగా జారుడు పలకవంటి స్కీని, వెనుక చక్రమునకు బదులుగా పొక్లెయిను గొలుసువలె తిరుగు రబ్బరు పట్టాను బిగింతురు. ఇట్టి బండ్లలో కొన్నిటికి, మన స్ప్రేయరునకువలెనే, రెండు స్ట్రోకుల ఇంజను ఉండును. సున్నకు దిగువ ఇరువది డిగ్రీల చలిలో, మనుష్యసంచారములేని కొండలోయలో, ప్రొద్దుగ్రుంకువేళ ఇంజను పట్టివేసినచో అది ప్రాణముమీదికి వచ్చును. అందుచే వారు ఈ విషయమును మనకంటె శ్రద్ధగా నేర్చుకొనవలసివచ్చినది.

ముందుగా ఈ ఇంజను నిర్మాణమును కొంచెము తెలిసికొందము. బుల్లెట్టు మోటారు సైకిలుకు గాని, కారుకు గాని ఉండు నాలుగు స్ట్రోకుల ఇంజనులో నూనె వేరుగ నిలువయుండి, లోపలి భాగములను తడుపుచు తిరిగి తిరిగి వచ్చుచుండును. రెండు స్ట్రోకుల ఇంజనులో అట్టి నూనె నిలువ లేదు. 1891లో ఇంగ్లండు దేశీయుడగు జోసెఫ్ డే పేటెంటు పొందిన పద్ధతి ప్రకారము, పిస్టను క్రిందనుండు క్రాంకు గదియే పంపువలె పనిచేసి, గాలిని పెట్రోలును లోనికి పీల్చి పైకి నెట్టును. ఆ గదిలో నూనె నిలువయుంచ వీలులేదు. అందువలన పెట్రోలులోనే నూనె కలుపుదురు. ఆ మిశ్రమము క్రాంకు గదిగుండా పోవునపుడు బేరింగులను, పిస్టనును, సిలిండరు గోడను తడిపి, పిమ్మట మండిపోవును. (కొన్ని బండ్లలో నూనెకు వేరు డబ్బా ఉండి చిన్న పంపు దానిని కలుపుచుండును. అందును నూనె చివరకు మండిపోవునదే.)

దీనినిబట్టి తేలునదేమనగా, ఈ ఇంజనులో పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. కేవలము నూనెయే కాదు, చల్లదనముకూడ తగ్గును. పెట్రోలు ఆవిరియగునపుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనును. వేసవిలో మట్టికుండ చెమర్చి నీరు చల్లబడుట ఇట్టిదే. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమమును మెకానిక్కులు ‘లీన్’ అందురు. మనము పలుచని మిశ్రమమని చెప్పుకొందము. ఇంజను పూర్తి వేగమున పనిచేయుచుండగా మిశ్రమము పలుచబడినచో పిస్టను తల మితిమీరి వేడెక్కును, నూనె పొర ఎండిపోవును. ఈ రెండు కీడులును ఒకేసారి కలుగును.

పిస్టను అల్యూమినియముతో చేసినది. వేడికి అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును. పిస్టనుకు, సిలిండరు గోడకు నడుమ ఖాళీ ఎంత? డర్ట్ బైకులలో సుమారు 0.06 మిల్లీమీటరు. అనగా తలవెంట్రుక మందమంత. 66 మిల్లీమీటర్ల వెడల్పుగల పిస్టను 100 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.13 మిల్లీమీటరు పెరుగును. సిలిండరుకూడ దానితోపాటు వేడెక్కి పెరుగుచున్నంతకాలము చిక్కులేదు. పిస్టను వేడెక్కి సిలిండరు చల్లగానే ఉన్నచో వెంట్రుక మందపు ఖాళీ ఏమూలకు చాలును? మెత్తని అల్యూమినియము గోడకు రాసుకొని, కరగి అంటుకొనిపోవును. ఇంజను పట్టివేయుట యనగా ఇదియే.

మంచులో జరుగునది స్పష్టముగా ఇదే. ఉదయము బండి తీయగానే తొందరపడి పూర్తి వేగమున పోనిచ్చినచో, మంటకు ఎదురుగానున్న పిస్టను క్షణములలో వేడెక్కును. గడ్డకట్టిన చలిలోనున్న సిలిండరు అంత త్వరగా వేడెక్కదు. పిస్టను నాలుగు ప్రక్కల బిగిసికొనును. దీనిని చలిపట్టు అనవచ్చును. అందుచే అక్కడి అనుభవజ్ఞులు ఇంజనును తక్కువ వేగమున కొన్ని నిమిషములు నడిపి, రేడియేటరు నీరు గోరువెచ్చనైన పిదపగాని బయలుదేరరు. సాధారణముగ డర్ట్ బైకునకు నీటి వేడిని అదుపుచేయు థర్మోస్టాటు ఉండదు. మంచులో అట్టి బండికి నీరు ఎన్నటికి వేడెక్కదు. థర్మోస్టాటు అమర్చుకొన్నను అది ఒక్కసారిగా తెరచుకొని, మంచువలె చల్లనైన నీటిని వేడి సిలిండరు చుట్టు పంపినచో, సిలిండరు ముడుచుకొని పిస్టనును పట్టుకొనును. కాచిన గాజుగ్లాసుపై చన్నీరు పోసినట్లే. అందుచే వేడినీరు కొంత ఎల్లప్పుడు సిలిండరు చుట్టు తిరుగుచు, చన్నీరు మెల్లమెల్లగా దానిలో కలియునట్లు గొట్టములను అమర్చుదురు.

ఇంతకంటె మోసకరమైనది గాలి సంగతి. చల్లని గాలి చిక్కనిది. 27 డిగ్రీల గాలితో పోల్చినచో సున్నకు దిగువ 23 డిగ్రీల గాలి, అదే పీడనమువద్ద, ఐదవవంతు ఎక్కువ బరువుండును. ఇంజను అంతే పరిమాణముగల గాలిని పీల్చినను అందులో ప్రాణవాయువు ఐదవవంతు హెచ్చు. కాని కార్బురేటరులోని చిన్న రంధ్రము, అనగా జెట్టు, పెట్రోలును అదే పాళముగ పెంచజాలదు. లెక్క వేసిచూడగా పదవవంతు మాత్రమే పెంచగలదు. మిశ్రమము పలుచబడినది! వేసవిలో చక్కగా నడచిన బండి అదే జెట్టుతో మంచులో పట్టివేయుటకు కారణమిది. అందుచే అక్కడివారు శీతకాలమునకు పెద్ద రంధ్రముగల జెట్టు వేసికొందురు. కొండ ఎక్కినకొలది గాలి పలుచనై ఈ దోషము కొంత సర్దుకొనును. కొండమీది గాలికి సరిపడు జెట్టుతో లోయలోనికి దిగినచో దోషము మరల తలయెత్తును.

ఇంకొక సంగతి. లోతైన మంచులో బండికి విరామము లేదు. దమ్ములో నడచు ట్రాక్టరువలె అది ఎల్లప్పుడు పూర్తి బలముతో లాగుచుండవలెను. పల్లములో దిగునపుడో, రైడరు త్రాటిలు మూసివేయును, ఇంజను మాత్రము వేగముగ తిరుగుచునే యుండును. త్రాటిలు మూసినచో పెట్రోలు రాదు, పెట్రోలు రానిచో నూనె రాదు. కావున వారు దిగునపుడు నడుమనడుమ త్రాటిలును ఒక్కొక్కసారి తెరచి నూనెను అందింతురు, లేదా క్లచ్చి పట్టి ఇంజనును నెమ్మదిగ తిరుగనిత్తురు. మన తిరుమల, శ్రీశైలము ఘాటు రోడ్లపై రెండు స్ట్రోకుల స్కూటర్లు తిరిగిన దినములలో పెద్దలు చెప్పిన జాగ్రత్తయు ఇదియే. నేడు క్రొత్త స్కూటర్లు, మోపెడ్లు నాలుగు స్ట్రోకులవైనను, పాతబండి ఇంకను వాడుచున్నవారు ఈ మాట మరువరాదు.

ఇక మన చేనిలోనికి వత్తము. మన స్ప్రేయరునకు మంచు లేదు, రేడియేటరు లేదు. కాని పలుచని మిశ్రమము, నూనె లేమి మన యంత్రమునకును వర్తించును. మంచుబండివలెనే స్ప్రేయరుకూడ గంటలతరబడి పూర్తి వేగమున నడచును. కావున పొరపాటును సహించు శక్తి దానికి తక్కువ.

మొదట నూనె కొలత. మా ఎరుకలోని ఒక రైతు యంత్రము రెండేండ్లలో రెండుసార్లు పట్టివేసినది. ఆయన నిర్లక్ష్యపరుడు కాడు. మంచి 2టి నూనెనే కొనును, కొలచియే పోయును. ‘పుస్తకంలో 25 అని రాసుంది, లీటరుకు 25 మిల్లీలీటర్లు పోస్తున్నానండీ’ అని ఆయన చెప్పగా పొరపాటు తెలిసినది. పుస్తకమున వ్రాసినది 25కు 1. అనగా 25 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె. లీటరనగా 1000 మిల్లీలీటర్లు గావున దానిని 25తో భాగించినచో 40 మిల్లీలీటర్లు వచ్చును. ఆయన పోసినది లీటరుకు 15 మిల్లీలీటర్లు తక్కువ. ఇదేవిధముగ 50కి 1 అని ఉన్నచోట 50 మిల్లీలీటర్లు పోయువారును కలరు. అక్కడ పోయవలసినది 20 మాత్రమే. ఎక్కువైనందున వెంటనే పట్టివేయదుగాని పొగ ఎక్కువై, ప్లగ్గు నల్లబడి, సైలెన్సరు మసితో పూడుకొనిపోవును. ఏ యంత్రమునకు ఏ పాళమో దాని తయారీదారు చెప్పినదే పాటింపవలెను. పొరుగువాని యంత్రపు లెక్క మన యంత్రమునకు చెల్లదు. సీసామూతతో ఉజ్జాయింపుగ పోయుట మానవలెను. మందుల దుకాణమున పది రూపాయలకో ఇరువది రూపాయలకో దొరకు ప్లాస్టిక్ కొలపాత్ర ఈ పనికి చాలును, కాని మందు కొలచు పాత్రను దీనికి వాడరాదు.

నూనెను యంత్రపు ట్యాంకులోనే పోసి, పైన పెట్రోలు పోయు అలవాటు పెక్కుచోట్ల చూచుచున్నాము. నూనె అడుగున చేరి మొదట చిక్కగను, పిమ్మట పలుచగను పోవును. వేరు డబ్బాలో సగము పెట్రోలు పోసి, నూనె కలిపి, బాగుగ కుదిపి, తక్కిన పెట్రోలు పోసి మరల కుదుపవలెను. కారు ఇంజను నూనె, ట్రాక్టరునుండి తీసిన నల్లనూనె దీనికి పనికిరావు.

తరువాత పెట్రోలు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలుపుచున్నారు. దీనిని మంచి చెడ్డలు విచారించుటకు ఇది తావు కాదు. యంత్రము వాడువాడు తెలిసికొనవలసినవి రెండు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఒక కిలో ఇథనాలునకు 9 కిలోలు చాలును. అందుచే అదే గాలికి ఈ మిశ్రమ పెట్రోలు కొంత ఎక్కువ కావలసియుండును. పూర్వపు పెట్రోలునకు కొలిచి చేసిన పాత కార్బురేటరులో మిశ్రమము ఆమేరకు పలుచబడును. రెండవది ఇంకను ముఖ్యము. ఇథనాలు నీటిని ఆకర్షించును. వానాకాలమున మూతసరిగా లేని డబ్బాలో నిలువయున్న పెట్రోలులో తగినంత నీరు చేరినచో, ఇథనాలు నీటితో కలసి విడిపోయి అడుగునకు దిగును. మనము కలిపిన నూనె పైనున్న పెట్రోలులోనే ఉండిపోవును. ట్యాంకు గొట్టము పీల్చునది అడుగుననున్నదానిని! కొలచి కలిపిన నూనెయే ఇంజనునకు చేరకపోవుట ఇట్లు జరుగును. కావున ఆనాటికి కావలసినంతే కలుపుకొనవలెను. పోయిన పంటకు కలిపి మిగిలినదానిని ఈ పంటకు వాడరాదు. గాజుసీసాలో కొంచెము పోసి వెలుతురున చూచినచో, అడుగున వేరు పొర ఉన్నదో లేదో కంటికే తెలియును.

చలికాలము మనకును కలదు. మేనెల మధ్యాహ్నము 42 డిగ్రీల గాలికంటె పుష్యమాసపు ఉదయము 12 డిగ్రీల గాలి సుమారు పదవవంతు చిక్కన. మంచుదేశముతో పోల్చిన ఇది స్వల్పమే. కాని దీనికి ఇథనాలు తోడై, ఆపై కార్బురేటరువద్ద రబ్బరు పగిలి గాలి చొరబడుచున్నచో, మూడు చిన్న దోషములు కలసి ఒక పెద్ద దోషమగును. ‘నిన్నటిదాకా బాగానే నడిచింది’ అను మాట వెనుకనున్న రహస్యము పలుమారులిదియే. కార్బురేటరుపై మరలున్న యంత్రములలో వేసవిలో బిగించిన మరను చలికాలమున మెకానిక్కుచే సరిచూపించుకొనుట మేలు. ఉదయము యంత్రమును నడిపించగానే పూర్తి వేగమునకు లాగక, రెండు నిమిషములు నిదానముగ తిరుగనిచ్చుట అందరును చేయదగినది, ఖర్చులేనిది.

గాలి చొరబాటును కనిపెట్టుట కష్టము కాదు. త్రాటిలు విడిచినను ఇంజను వేగము వెంటనే దిగక అట్లే పలుకుచున్నచో అనుమానింపవలెను. కార్బురేటరు బోల్టులు వదులైనవేమో, గ్యాస్కెట్టు చినిగినదేమో, క్రాంకు సీలు చెడినదేమో చూపించవలెను. ట్యాంకులో పెట్రోలు అయిపోవచ్చునపుడు ఇంజను ఒక్కసారి హెచ్చుగా అరచును. అదియు పలుచని మిశ్రమమే. కొందరు ఆ అరుపువిని ‘ఇంకా బలంగా ఉంది’ అని సంతోషించి చివరి బొట్టువరకు నడుపుదురు. అది కూడదు. వేగము తగ్గించి ఆపి, ఇంజను చల్లారిన పిదప పెట్రోలు పోయవలెను.

గాలి ఫిల్టరు లేకుండ నడుపుట దుమ్మును పిస్టనుకు తినిపించుటయే. సిలిండరు చుట్టునున్న రెక్కలలో మన్ను, ఆకు, మందుపొడి చేరి గట్టకట్టినచో గాలి తగులదు. ఎండ వేడిమి నిజముగ కీడుచేయునది ఇట్టి యంత్రమునకే. వారమునకొకసారి కుంచెతో దులిపినచో చాలును.

ఇంజను పట్టివేయుటకు ముందు తరచు హెచ్చరిక చేయును. బలము తగ్గును, ధ్వని సన్నగిలి కీచుమనును. ఆ క్షణముననే త్రాటిలు విడిచి ఆపవలెను. మంచుబండి నడుపువారు అందుకే రెండు వ్రేళ్లు క్లచ్చిపై ఉంచుకొనియే పోవుదురు. ధ్వని సన్నగిలిన అనుమానమున్నప్పుడు చోకును కొంచెము మూసిచూచిన, ఇంజను పుంజుకొనినచో మిశ్రమము పలుచగానున్నదని నిశ్చయింపవచ్చును. ప్లగ్గుకూడ సాక్ష్యము చెప్పును. ఇటుకరంగుకు, కాఫీరంగుకు నడుమ ఉన్నచో బాగున్నట్లు. సున్నమువలె తెల్లగానున్నచో పలుచని మిశ్రమము. నల్లగా జిడ్డుగానున్నచో నూనె లేక పెట్రోలు ఎక్కువ.

పట్టివేసిన పిదప పలువురు చేయు తప్పు బలవంతముగ త్రాడు లాగుట. దానివలన అంటుకొనిన అల్యూమినియము సిలిండరును మరింత గీరును. ముందు మందుట్యాంకును ఖాళీచేసి కడిగి, ఇంజనును పూర్తిగా చల్లారనీయవలెను. మెకానిక్కు విషపుమందుతో తడిసిన యంత్రమును ముట్టుకొనవలసిన పని లేదు గదా. చల్లారినపిదప తేలికగా తిరిగినను అంతటితో బాగుపడినదని చేనిలోనికి పోరాదు. సైలెన్సరు విప్పి ఆ రంధ్రమునుండి పిస్టనును చూడవలెను. సైలెన్సరువైపు మాత్రమే గీతలున్నచో వేడి, పలుచని మిశ్రమము కారణము. చుట్టును గీతలున్నచో నూనె లేమి. నాలుగుచోట్ల నిలువుగ ఉన్నచో చలిపట్టు. కార్బురేటరువైపు అరిగి మొద్దుబారినచో దుమ్ము. మెకానిక్కు పాత పిస్టనును పారవేయకముందే దానిని అడిగి తీసికొని చూడవలెనని మా సలహా. కారణము తెలియక వేసిన క్రొత్త పిస్టను పదిదినములు నిలుచునో, పదిగంటలు నిలుచునో ఎవరును చెప్పలేరు.

పంటకాలము ముగిసినపుడు ట్యాంకులోని పెట్రోలు వంచివేసి, కార్బురేటరులో మిగిలినది నిదానపు వేగముననే మండిపోనిచ్చి, ప్లగ్గు విప్పి ఆ రంధ్రమున చెంచాలో సగము 2టి నూనె పోసి, త్రాడును రెండుమూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గును మరల బిగించి, యంత్రమును తడి తగులనిచోట ఉంచవలెను.